ది నేషనల్ బ్యాండ్‌ని లైవ్‌లో చూడాలనుకునేవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ది నేషనల్ టూర్ తేదీలు బయటికి రాగానే అమెరికాలో ఉన్న మన పిల్లలు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. ఎక్కువమందికి ఇదే మొదటి రాక్ షో. అంతకుముందు చూసినవి సినిమా సంగీత విభావరులో, తెలుగు సంఘాల సభలో అయి ఉంటాయి. ఆ జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## టికెట్ కొనకముందు

వీళ్ళ పాటలు నాకు రెండే తెలుసు. వెళ్తే బోర్ కొడుతుందా?

రెండు నచ్చితే చాలు, వెళ్ళండి. ఐదుగురి బ్యాండ్ ఇది. అందరూ ఒహాయోలోని సిన్సినాటి వాళ్ళే, బ్యాండ్ మాత్రం 1999లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మొదలైంది. గాయకుడు మాట్ బెర్నింజర్ది బరువైన, మంద్రమైన గొంతు. రికార్డుల్లో పాటలు నెమ్మదిగా, దిగులుగా ఉంటాయి కాబట్టి లైవ్‌లో నిద్రొస్తుందేమోనని చాలామంది భయపడతారు. నిజానికి స్టేజీ మీద అవే పాటలు రెండింతలు గట్టిగా ఉంటాయి. బ్రయన్ డెవెండార్ఫ్ డ్రమ్స్ ఎంత కష్టమైనవో ఇంట్లో స్పీకర్లలో వింటే తెలియదు. హాల్లో మొదటి పాటకే తెలిసిపోతుంది.

వెళ్ళేలోపు ఏ ఆల్బమ్‌లు వినాలి?

టైమ్ తక్కువగా ఉంటే మూడు వినండి: 2007 నాటి బాక్సర్, 2010లో వచ్చిన హై వయొలెట్, 2017 నాటి స్లీప్ వెల్ బీస్ట్. మూడోదానికి 2018లో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. కొత్త పాటల కోసం 2023లో వచ్చిన రెండు ఆల్బమ్‌లు ఒకసారి తిప్పండి. షో ఎలా ఉంటుందో ముందే రుచి చూడాలంటే 2024 చివర్లో వచ్చిన రోమ్ లైవ్ ఆల్బమ్ ఉంది.

బాక్సర్‌లో మొదటి పాట ఫేక్ ఎంపైర్. సంగీతం నేర్చుకున్నవాళ్ళు దీన్ని తప్పకుండా శ్రద్ధగా వినాలి. పియానోలో మూడు దెబ్బల లెక్క మీద నాలుగు దెబ్బల లెక్క నడుస్తుంటుంది. తిశ్రం, చతురశ్రం చేత్తో వేసి చూసినవాళ్ళకు ఆ మెలిక వెంటనే పట్టుబడుతుంది. తాళం తెలియనివాళ్ళకు కూడా డ్రమ్స్ లోపలికి వచ్చే చోట ఒళ్ళు ఝల్లుమంటుంది.

ప్రీసేల్ కోడ్ అంటున్నారు. అదెలా వస్తుంది?

అందరికీ అమ్మకం తెరవకముందు కొన్ని టికెట్లు విడిగా అమ్ముతారు. వాటిని కొనడానికి ఒక కోడ్ కావాలి. బ్యాండ్ మెయిలింగ్ లిస్టులో ముందే చేరి ఉంటే కోడ్ మెయిల్‌కి వస్తుంది, ఇది ఉచితమే. థియేటర్ వాళ్ళ మెయిల్ లిస్టుకీ, కొన్ని క్రెడిట్ కార్డులకీ వేరే ప్రీసేల్స్ ఉంటాయి. టికెట్ యాప్‌లో అకౌంటు, కార్డు వివరాలు ముందు రోజే ఎక్కించి పెట్టుకోండి. క్యూలో మీ వంతు వచ్చాక కార్డు నంబరు కొడుతూ కూర్చుంటే సీట్లు చేజారిపోతాయి. ప్రీసేల్‌లో దొరకలేదని కంగారు పడక్కర్లేదు. జనరల్ సేల్‌కి కూడా టికెట్లు ఉంటాయి. షో దగ్గరపడ్డాక ప్రొడక్షన్ కోసం పట్టి ఉంచిన సీట్లు కొన్ని వదులుతారు కూడా.

చూపించే ధర ఒకటి, చివర్లో కట్టేది ఇంకొకటి అంటారు. నిజమేనా?

ఒకప్పుడు అంతే. కార్టులోకి వెళ్ళాక సర్వీస్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు అంటూ పెరిగిపోయేది. 2025 మే 12 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లో ఉంది: లైవ్ ఈవెంట్ టికెట్లకు తప్పనిసరి ఫీజులు కలిపిన మొత్తం ధరే మొదట చూపించాలి. ఫీజులు తగ్గలేదు, కనపడుతున్నాయంతే. థియేటర్ బాక్సాఫీసు మీకు దగ్గర్లో ఉంటే వెళ్ళి అడగండి. కొన్నిచోట్ల అక్కడ ఫీజు తక్కువ పడుతుంది.

ఫ్లోర్ టికెట్ కొనాలా, సీటు కొనాలా?

ఫ్లోర్ అన్నా, పిట్ అన్నా, జనరల్ అడ్మిషన్ అన్నా చాలాచోట్ల నిలబడి చూడాల్సిందే. అసలు బ్యాండ్‌కి ముందు వాయించే ఓపెనర్‌తో కలిపి మూడున్నర, నాలుగు గంటలు కాళ్ళ మీద ఉండాలి. మీరు ఐదడుగుల రెండంగుళాల మనిషైతే ముందు నిలబడ్డవాళ్ళ వీపే ఎక్కువ కనపడుతుంది. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు.

నా లెక్కలో ఈ బ్యాండ్‌కి మంచి బేరం ఫ్లోర్ పక్కనే పైకి లేచే మొదటి బాల్కనీ, స్టేజీకి కాస్త ఎదురుగా. బ్యాండ్ ఐదుగురూ, టూర్లలో తోడు వాయించే ఇద్దరూ ఒకేసారి కనపడతారు, ఎవరు ఏం వాయిస్తున్నారో తెలుస్తుంది. పాటలన్నీ నోటికొచ్చి, పక్కవాళ్ళతో కలిసి గొంతు చించుకోవాలనిపిస్తే మాత్రం ఫ్లోరే. స్టేజీకి మరీ పక్కవాటుగా ఉండే సీట్లు ఎంత దగ్గరైనా వదిలేయండి. అక్కడ ఒకవైపు స్పీకర్లే వినపడతాయి.

సోల్డ్ అవుట్ అని చూపిస్తోంది. రీసేల్‌లో కొనొచ్చా?

కొనొచ్చు, కానీ తొందరపడకండి. రీసేల్ ధర సాధారణంగా అమ్మకం మొదలైన వారంలోనే మండిపోతుంది. వారం మధ్యలో పడే షో అయితే ఆ రోజు మధ్యాహ్నానికి చాలాసార్లు దిగుతుంది, ఎందుకంటే రాలేనివాళ్ళు ఎంతకైనా వదిలించుకోవాలనుకుంటారు. వేరే ఊరి నుంచి విమానంలో వచ్చేవాళ్ళు ఈ జూదం ఆడొద్దు.

కొనేది టికెట్ అసలు ఏ యాప్‌లో ఉందో ఆ యాప్‌లోనే, లేదా కొనుగోలుకు హామీ ఇచ్చే పేరున్న రీసేల్ సైట్లో. ముక్కూమొహం తెలియని మనిషి స్క్రీన్‌షాట్ పంపి డబ్బులు వేయమంటే వేయకండి. ఇప్పుడు చాలా టికెట్లలో బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది కాబట్టి స్క్రీన్‌షాట్ గేటు దగ్గర చెల్లదు. యాప్‌లో మీ పేరుకి ట్రాన్స్‌ఫర్ అయితేనే టికెట్ మీదైనట్టు.

పోస్టర్ మీద రెండు బ్యాండ్ల పేర్లున్నాయి. రెండోది ఓపెనరా?

పేర్లు రెండూ ఒకే సైజులో ఉంటే అది కో-హెడ్‌లైన్ షో, అంటే రెండూ ప్రధాన బ్యాండ్లే. 2024 శరదృతువులో ది నేషనల్, ది వార్ ఆన్ డ్రగ్స్ ఇలాగే కలిసి తిరిగాయి. అలాంటి రాత్రి ఒక్కో బ్యాండ్ సెట్ మామూలుకన్నా పొట్టిగా ఉంటుంది. ది నేషనల్ సొంత షోలు రెండు గంటలు, కొన్నిసార్లు ఆపైన కూడా నడుస్తాయి. మీరు ఒక్క బ్యాండ్ కోసమే వెళ్తుంటే ఇది చూసుకుని కొనండి.

ఒక్కడినే వెళ్తే వింతగా చూస్తారా?

ఎవరూ పట్టించుకోరు. ఇలాంటి షోలకు ఒంటరిగా వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. పైగా ఒక్క సీటు దొరకడం తేలిక, మంచి వరుసల్లో మిగిలిపోయేవి అవే. తోడు కోసం ఇష్టంలేని రూమ్మేట్‌ని లాక్కెళ్తే, మూడో పాటకి "ఇంకా ఎంతసేపురా" అని మొదలుపెడతాడు.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. తీసుకెళ్ళొచ్చా?

సీటు టికెట్ అయితే తీసుకెళ్ళొచ్చు, ఫ్లోర్‌కి వద్దు. ఇక్కడి ప్రేక్షకుల్లో నలభై, యాభై దాటినవాళ్ళు బాగా ఉంటారు, తోపులాటలు అరుదు. ఇబ్బంది పెట్టేది సౌండే. ఇయర్‌ప్లగ్గులు ఇవ్వండి, వరుస చివరి సీటు చూడండి, లేచి బయట తిరిగి రావడానికి వీలుంటుంది. ఇంకో సంగతి: మీ సీటున్నా ముందువాళ్ళు లేచి నిలబడితే మీరూ లేవాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు యాక్సెసిబుల్ సీటింగ్ ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే అది ఎంచుకోవాలి.

ఇండియాలో ఇలాంటి బ్యాండ్లు చూసే వీలుందా?

పెరిగింది. 2023 జనవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో లొల్లాపలూజా ఇండియా మొదలయ్యాక ఈ తరహా పెద్ద పేర్లు రావడం ఎక్కువైంది. ఆ మొదటి ఏడాది పోస్టర్ మీద ది స్ట్రోక్స్ పేరు పైనే ఉంది. హైదరాబాద్ నుంచి ముంబై ఒక రాత్రి రైలు ప్రయాణం, వారాంతంలో అయిపోతుంది. కాకపోతే ఫెస్టివల్‌లో ఏ బ్యాండ్‌కైనా గంట, గంటన్నరే ఇస్తారు. మైదానంలో సౌండు కూడా హాల్లో ఉన్నంత శుభ్రంగా ఉండదు.

## వెళ్ళే రోజు

డోర్స్ 6.30, షో 7.30 అని ఉంది. నేను ఎన్నింటికి వెళ్ళాలి?

డోర్స్ అంటే గేట్లు తెరిచే టైమ్. షో అంటే ఓపెనర్ ఎక్కే టైమ్. ఆ తర్వాత స్టేజీ మార్చడానికి అరగంట. అంటే 7.30 షోకి అసలు బ్యాండ్ 8.30, 8.45 ప్రాంతంలో వస్తుంది. మన సభల్లోలాగా ముఖ్య అతిథి రాలేదని గంటన్నర ఆపడం ఉండదు, టైమ్ అంటే టైమే. ఊళ్ళ మధ్య ఉన్న ఓపెన్ ఎయిర్ వేదికలకు రాత్రి ఇన్నింటికల్లా ఆపేయాలని కర్ఫ్యూ ఉంటుంది, అలాంటి చోట షోలు ఇంకా ముందే మొదలవుతాయి. సీటున్నవాళ్ళు షో టైమ్‌కి పావుగంట ముందు చేరితే చాలు. ఓపెనర్‌ని కూడా వినమనే నా సలహా. ది నేషనల్ తమకు నచ్చినవాళ్ళనే తీసుకొస్తుంది.

బ్యాగు తీసుకెళ్ళొచ్చా?

వద్దు. ఒక్కో వేదికది ఒక్కో రూలు: కొన్నిచోట్ల పారదర్శకమైన బ్యాగే అంటారు, కొన్నిచోట్ల అరచేతంత పర్సు దాటితే రానివ్వరు. ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్ బ్యాగుతో నేరుగా వచ్చి గేటు దగ్గర బిక్కమొహం వేసుకు నిలబడేవాళ్ళు ప్రతి షోలోనూ కనపడతారు. ఫోన్, ఐడీ, కార్డు, ఇయర్‌ప్లగ్గులు, చిన్న పవర్ బ్యాంకు జేబుల్లో పట్టేస్తాయి.

నేను తాగను. అయినా ఐడీ కావాలా?

ఎక్కువ షోలు అన్ని వయసులవాళ్ళకీ తెరిచే ఉంటాయి, అక్కడ అడగకపోవచ్చు. కొన్ని క్లబ్బుల్లో, కొన్ని థియేటర్లలో 18 లేదా 21 దాటితేనే లోపలికి. అది టికెట్ మీదే రాసి ఉంటుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. స్టేట్ ఐడీ ఇంకా చేతికి రాకపోతే ఒరిజినల్ పాస్‌పోర్టే దిక్కు. అందుకే స్టేట్ ఐడీ తొందరగా తీసుకోండి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని గుంపులో తిరగడం ఒక టెన్షన్.

లోపల శాకాహారం ఏమైనా దొరుకుతుందా?

ఫ్రెంచ్ ఫ్రైస్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా, పాప్‌కార్న్. కొన్నిచోట్ల వెజ్ బర్గర్. అంతే, అదీ మండే రేట్లకి. పులిహోర డబ్బా గేటు దగ్గర ఆపేస్తారు. ఇంట్లో సాయంత్రం ఐదింటికే కడుపునిండా తినేసి వెళ్ళడం అన్నిటికన్నా మంచిది. ఖాళీ బాటిల్‌ని అనుమతించే వేదికల్లో లోపల నీళ్ళు నింపుకోవచ్చు.

రెడ్ రాక్స్‌లో అయితే వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. డెన్వర్ పక్కన, సముద్రమట్టానికి 6,450 అడుగుల ఎత్తులో, రెండు పెద్ద ఎర్ర రాతి గోడల మధ్య 1941లో తెరిచిన వేదిక ఇది. తొమ్మిది వేల ఐదు వందల మంది పడతారు. కారు దిగిన దగ్గర్నుంచి అన్నీ ఎక్కుళ్ళూ మెట్లే. పల్లపు ప్రాంతాల నుంచి ఆ రోజే వచ్చినవాళ్ళకి ఆయాసం వస్తుంది కాబట్టి నెమ్మదిగా ఎక్కండి, నీళ్ళు తాగుతూ ఉండండి. పగలు ఎండ మాడ్చినా రాత్రి తొమ్మిదికి చలేస్తుంది, జాకెట్ ఉండాలి. వాన పడినా షో నడుస్తుంది. గొడుగులు రానివ్వరు, రెయిన్‌కోటు తెచ్చుకోండి. ఇన్ని చెప్పాక ఒక మాట: అమెరికాలో ఈ బ్యాండ్‌ని ఒక్కసారే చూసే వీలుంటే నేను ఎంచుకునే చోటు ఇదే. వెనక వరుసలు కూడా ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఎక్కడ కూర్చున్నా స్టేజీ కనపడుతుంది.

## లోపల

ముందు వరుస కోసం మధ్యాహ్నం నుంచే లైన్లో నిలబడాలా?

ఇరవై ఏళ్ళ వయసు, సెలవు రోజు, సరైన బూట్లు ఉంటే ఒకసారి సరదాగా చేయొచ్చు. కానీ ఒకసారి రెయిలింగ్ పట్టుకున్నాక నీళ్ళకు, బాత్రూమ్‌కు వెళ్తే చోటు పోతుంది. అంత దగ్గర్లో గాయకుడి గొంతు కన్నా స్టేజీ మీది ఆంప్లిఫయర్ల మోతే ఎక్కువ వినపడుతుంది. ఈ బ్యాండ్ విషయంలో అయితే ఆ కష్టం అక్కర్లేదనే అంటాను. గాయకుడే దిగి వెనకదాకా వస్తాడు.

సౌండ్ ఎక్కడ బాగుంటుంది?

ఫ్లోర్ వెనకవైపు, మధ్యలో, కంచె కట్టి పెద్ద మిక్సింగ్ బల్ల పెట్టి ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు. హాలంతటికీ సౌండు కలిపేది వాళ్ళే. వాళ్ళ చెవికి బాగున్నదాన్నే హాలంతా పంపుతారు, కాబట్టి వాళ్ళకు కాస్త ముందు నిలబడితే వాళ్ళు విన్నదే మీరూ వింటారు. ట్రంపెట్, ట్రాంబోన్, పియానో, రెండు గిటార్లు విడివిడిగా తెలుస్తాయి. ఆ కంచెకు ఆనుకునే వీలు కూడా ఉంటుంది, నడుము నొప్పివాళ్ళకు అదో వరం.

ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుంటే పాట సరిగ్గా వినపడదు కదా?

పసుపు స్పాంజివి పెట్టుకుంటే నిజమే, పైస్వరాలు పోయి దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. సంగీతకారుల కోసం చేసినవి వేరే ఉంటాయి. అవి అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఇరవై, ముప్పై డాలర్లకు దొరుకుతాయి, ఏళ్ళ తరబడి వస్తాయి.

ఎందుకు కావాలంటే, అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అలా 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి 15 నిమిషాలే. రాక్ షోల్లో 100 దాకా వెళ్ళడం మామూలే, షో చూస్తే రెండు గంటలు. పిల్లల్ని తీసుకొస్తే తలకు పెట్టే చెవి మఫ్‌లు లేకుండా లోపలికి తేవద్దు. ఇది సలహా కాదు, పిల్లల చెవుల సంగతి.

బ్యాండ్‌లో ఐదుగురన్నారు, స్టేజీ మీద ఏడుగురున్నారేంటి?

అసలు సభ్యులు ఐదుగురే: మాట్ బెర్నింజర్, కవలలైన ఆరన్, బ్రైస్ డెస్నర్, అన్నదమ్ములు స్కాట్, బ్రయన్ డెవెండార్ఫ్. డెస్నర్లు గిటార్లూ కీబోర్డులూ, స్కాట్ బేస్, బ్రయన్ డ్రమ్స్. మిగతా ఇద్దరు ఏళ్ళుగా టూర్లలో తోడుండే బెన్ లాంజ్, కైల్ రెస్నిక్. ట్రాంబోన్, ట్రంపెట్ వాళ్ళవే.

కవలల్లో ఎవరు ఎవరో పోల్చుకోవడం కొత్తవాళ్ళకు కష్టమే. టేలర్ స్విఫ్ట్ 2020 ఆల్బమ్‌లకు పనిచేసినాయన ఆరన్. ఆర్కెస్ట్రాలకూ సినిమాలకూ సంగీతం రాసేది బ్రైస్.

గాయకుడు జనంలోకి దిగుతాడట. అప్పుడు నేనేం చేయాలి?

దిగుతాడు. సాధారణంగా షో చివరి భాగంలో, మిస్టర్ నవంబర్ లాంటి గట్టి పాటకి. మైకుకి చాలా పొడవైన తీగ ఉంటుంది, దాన్ని స్టేజీ దగ్గర ఒక మనిషి వదులుతూ ఉంటాడు. మాట్ కుర్చీలెక్కుతాడు, బార్ దాకా వెళ్తాడు, బాల్కనీకి కూడా ఎక్కుతాడు. ఆ రెండు నిమిషాలు అతను ఎక్కడున్నాడో వెతకాలంటే తీగ ఎటు పోతోందో చూడాలి.

మీ దగ్గరికి వస్తే చేయాల్సింది ఒక్కటే: తీగని తల మీదుగా ఎత్తి పట్టుకుని పక్కవాళ్ళకి అందించండి. అది మెడకో కాళ్ళకో చుట్టుకుంటే ప్రమాదం. భుజం మీద చెయ్యి వేయొచ్చు, అతనే వేస్తాడు కూడా. చొక్కా పట్టి లాగడం, మొహంలో ఫోన్ పెట్టి ఆపడం బాగోదు. చేతిలో డ్రింకు ఉంటే కిందికి దించుకోండి.

ఫోన్లో వీడియో తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. లెన్సు మార్చే పెద్ద కెమెరాలు మాత్రం పాసు లేకుండా రానివ్వరు. ఒకటి రెండు పాటలు తీసి జేబులో పెట్టేయండి. ఫ్లాష్ వద్దు. ఫ్యామిలీ గ్రూపులో లైవ్ పెడతానని ఫోన్ గాల్లో పట్టుకుని నిలబడితే వెనకున్నవాళ్ళు మర్యాదగా రెండుసార్లు చెప్తారు, మూడోసారి చెప్పరు.

అందరూ డ్యాన్స్ చేస్తారా? నాకు రాదు.

ఇక్కడ డ్యాన్స్ అంటే తల ఊపడం. కళ్ళు మూసుకుని పదాలు పెదాలతో కదిపేవాళ్ళే ఎక్కువ. నెమ్మది పాటల్లో గట్టిగా కబుర్లు చెప్పుకుంటే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళు చూసే చూపు మీకే తెలుస్తుంది. ఏడుపొస్తే ఏడవండి, చాలామందికి వస్తుంది.

వన్స్ మోర్ అని అరిస్తే మళ్ళీ పాడతారా?

పాడరు. పాట పేరు అరిచినా ఎక్కువసార్లు ఫలితం ఉండదు, ఆ రాత్రి పాటలు ముందే రాసిపెట్టుకుంటారు. ఇక్కడ జనం చప్పట్లతో అడిగేది ఎన్‌కోర్: బ్యాండ్ సెలవు తీసుకుని లోపలికి వెళ్తుంది, రెండు నిమిషాలకి తిరిగొచ్చి వేరే పాటలు నాలుగైదు వాయిస్తుంది. లైట్లు వెలగనంతసేపూ షో అయిపోలేదు, పార్కింగ్‌కి పరుగెత్తకండి.

ఒకే పాట మళ్ళీ మళ్ళీ పాడిన రోజు ఒకటి వీళ్ళ చరిత్రలో లేకపోలేదు. 2013 మేలో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియంలో ఐస్‌లాండ్ కళాకారుడు రాగ్నార్ క్యార్టన్‌సన్ కోసం, మూడున్నర నిమిషాల సారో పాటని ఆరు గంటలు ఆపకుండా వాయించారు. వందసార్లకు పైనే. వన్స్ మోర్ అలవాటున్న మన జనానికి ఆ రోజు పండగలా ఉండేది.

చివరి పాటకి మైకులు ఆపేస్తారని విన్నాను. నిజమా?

చాలా రాత్రులు నిజమే. హై వయొలెట్‌లోని ఆఖరి పాట, వాండర్‌లైల్ క్రైబేబీ గీక్స్, స్టేజీ అంచుకి వచ్చి అకూస్టిక్ గిటార్లతో వాయిస్తారు, పాడేది జనం. మాట్ చేతులు ఊపుతూ నడిపిస్తాడు. ఈ ఒక్క పాట పదాలు నేర్చుకుని వెళ్ళండి. పల్లవి చిన్నది, నాలుగుసార్లు వింటే వచ్చేస్తుంది. ఇయర్‌ప్లగ్గులు ఆ ఒక్క పాటకి తీసేయొచ్చు.

## అయిపోయాక

టీషర్టు ఎప్పుడు కొనాలి?

లోపలికి రాగానే. షో అయ్యాక మీడియం సైజు ఉండదు, లైను ఉంటుంది. ఆ ఊరి పేరుతో వేసిన పోస్టర్లు ఉంటే ఇంకా ముందే అయిపోతాయి. పోస్టర్ కొంటే చుట్టి పెట్టే గొట్టం అడగండి, మూడు గంటలు చేతిలో పట్టుకుంటే నలిగిపోతుంది.

ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటోంది. భయపడాలా?

మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో హెడ్‌ఫోన్లు పక్కన పెట్టండి. తగ్గకపోయినా, ఒక చెవి వినికిడి మందగించినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా చెవి డాక్టర్‌కి చూపించాలి.

ఆ రాత్రి ఏ పాటలు వాయించారో ఎక్కడ దొరుకుతుంది?

సెట్‌లిస్ట్.ఎఫ్ఎమ్‌లో మర్నాటికల్లా ఎవరో ఒకరు ఎక్కిస్తారు. వెళ్ళేముందే పాత తేదీల జాబితాలు చూసి సిద్ధం కావచ్చు కూడా, కానీ ఈ బ్యాండ్ రాత్రికి రాత్రి పాటలు బాగానే మారుస్తుంది.

క్యాబ్ రేటు మూడింతలు చూపిస్తోంది. ఏం చేయాలి?

గేటు ముందు నిలబడి బుక్ చేయకండి. నలుగురు నడుస్తున్న వెలుతురున్న దారిలో పది, పదిహేను నిమిషాలు నడిచి ఏదైనా తెరిచి ఉన్న షాపు దగ్గర బుక్ చేస్తే రేటు దిగుతుంది, డ్రైవరూ తేలిగ్గా చేరతాడు. న్యూయార్క్, షికాగో లాంటిచోట సబ్‌వే, రైలే మేలు. ఆఖరి రైలు ఎన్నింటికో సాయంత్రమే చూసి పెట్టుకోండి. సొంత కారులో వస్తే పార్కింగ్ వరుస నంబరు ఫోటో తీసుకోండి. చీకట్లో అన్ని కామ్రీలూ ఒకేలా ఉంటాయి.